కుడి రెక్క

నీళ్లలో ముంచిన గరుకు కాగితాన్ని చెక్కదిమ్మకు చుట్టి మార్త రెక్క మీద గుండ్రంగా రుద్దుతోంది. నాలుగు చుట్లు రుద్దడం, తడిగుడ్డతో తుడవడం, కుడిచేతి తొడుగు లాగేసి అరచెయ్యి ఆనించి మెల్లగా జరపడం, మళ్లీ తొడుగు వేసుకోవడం. తెల్లటి నీళ్లు మోచేతుల దాకా కారి, చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కా అంచులను తడిపి, నేల మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఎనిమిదింటికి మొదలుపెట్టిన పని. పది కావస్తోంది. పద్నాలుగు అడుగుల రెక్కలో సగం దూరం వచ్చింది.

తాండూరు నుంచి పెద్దేముల్ పోయే రోడ్డు మీద, ఊరు దాటాక, మూతపడిన బండల పాలిష్ షెడ్లలో అదొకటి. లోపల ఇప్పుడు విమానం తయారవుతోంది. వినేవాళ్లు నవ్వుతారు గాని నిజంగా విమానమే. ఇద్దరు కూర్చునేది, చిన్నది. గాజుబట్టను రెజిన్‌లో తడిపి పొరలు పొరలుగా పేర్చి, ఆరబెట్టి, గట్టిపరిచి చేసేది. షెడ్డు మధ్యలో దాని ఒళ్లు రంగు లేకుండా మొండిగా నిలబడి ఉంది. రెక్కలు రెండూ విడిగా ఇనప స్టాండ్ల మీద ఉన్నాయి. పాత పాలిష్ మిషన్ల బోల్టులను కోసేసిన మొండేలు నేలలో ఇంకా అలాగే ఉన్నాయి. చూసుకోకుండా నడిస్తే బొటనవేలు పగలడం ఖాయం.

మార్త ఈ షెడ్డుకు కొత్త మనిషి కాదు. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఇరవై రెండేళ్లు ఇక్కడే బండలకు పాలిష్ పట్టింది. నీలం బండ, పసుపు బండ, ఇళ్లకు పోయేవి, స్టేషన్ల ప్లాట్‌ఫారాలకు పోయేవి. భర్త పెద్దయ్య కూడా ఇక్కడే కోత మిషన్ మీద పనిచేసి, ఊపిరితిత్తుల నిండా పొడి నింపుకుని, యాభై నిండకుండానే పోయాడు. షెడ్డు మూతపడ్డాక ఆమె రెండేళ్లు కందిచేలల్లో కూలికి తిరిగింది. అప్పుడు వచ్చాడు సందీప్. మర్పల్లి దగ్గర బాగా భూములున్న ఇంటివాడు, బెంగళూరులో పెద్ద ఉద్యోగం మానేసి సొంతంగా విమానం చేస్తానని షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. ఊడ్చి కడగడానికి మనిషి కావాలంటే మార్తను పిలిచారు.

మొదటి నెలలోనే ఒక సంగతి జరిగింది. రెక్క అచ్చును సందీప్ ఏవేవో కొలత సామాన్లతో రెండు రోజులు చూసి బాగుందన్నాడు. గుడ్డతో తుడుస్తున్న మార్త చెయ్యి ఒక చోట ఆగింది. "ఈడ గుంట ఉన్నది సార్" అంది. మళ్లీ కొలిస్తే, ఉంది. వెంట్రుక మందం. ఆ రోజు నుంచి చీపురు పోయి చేతికి చెక్కదిమ్మ వచ్చింది. చూడవచ్చిన ప్రతివాడికీ సందీప్ ఆమెను చూపించి "మార్తమ్మ చెయ్యే నా మిషన్" అనేవాడు. మార్తకు ఆ మాట నచ్చింది. దాచుకోవడం ఎందుకు, చాలా నచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆమె చేతి గురించి ఎవరూ ఒక మంచి మాట అన్నది లేదు. వికారాబాద్‌లో నర్సుగా పనిచేస్తున్న బిడ్డ నిరోషాకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

ఇప్పుడు ఆ చెయ్యే మళ్లీ ఒక చోట ఆగింది.

గుంట కాదు, గడ్డ కాదు. పైన అద్దంలా ఉంది. కానీ వేలి కణుపుతో రెండు సార్లు కొట్టి చూసింది. బండను మిషన్ కింద పెట్టబోయే ముందు లోపల చీలిక ఉందేమోనని కొట్టి చూడటం అలవాటు. మంచి బండ గట్టిగా పలుకుతుంది. లోపల పట్టు వదిలేసిన బండ బొంగురు పోతుంది. రెక్క లోపల పొడుగునా ఒక దూలం ఉంటుంది. పై పెంకు దాని మీద అతుక్కుని ఉండాలి. మోపు మొత్తం మోసేది ఆ అతుకే. దూలం వెంబడి కొట్టుకుంటూ పోతే మూడు అడుగుల దాకా టక్ టక్‌మంది. తర్వాత రెండడుగుల మేర శబ్దం చచ్చిపోయింది. అక్కడి నుంచి మళ్లీ టక్‌మంది.

మార్త లేచి ఎడమ రెక్క దగ్గరికి పోయింది. అదే చోట కొట్టింది. మొదటి నుంచి చివరి దాకా ఒకే పలుకు. వెనక్కి వచ్చి కుడి రెక్కను మళ్లీ కొట్టింది. చెవి ఆనించి కొట్టింది. లోపల పట్టు లేదు.

ఎందుకు లేదో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

జనవరి చలిలో, ఈ రెక్కను మూసే రోజు. దూలం పైభాగాన్ని ఆమే గరుకు పెట్టింది, ఆమే జిడ్డు తీసే మందుతో తుడిచింది. ఇక జిగురు పూసి పెంకు బోర్లించడమే తరువాయి. ఆ తుడిచిన చోట వేలిముద్ర కూడా పడగూడదని సందీప్ మొదటి వారంలోనే నేర్పాడు. జిడ్డు తగిలితే జిగురు పట్టదు. సరిగ్గా అప్పుడు హైదరాబాద్ నుంచి వీడియో తీసేవాళ్లు దిగారు. సందీప్ హుషారుగా "గ్లౌజ్ తీసెయ్ మార్తమ్మా, చెయ్యి దాని మీద పెట్టి చూపెట్టు" అన్నాడు. "ఒక్కసారి కాదు, మళ్లీ. ఇటు చూసి. ఇంకొకసారి." చలికి పగిలిన చేతులకు ఆ పొద్దున ఆమె కొబ్బరినూనె పట్టించింది. ఆ చేత్తోనే ఆరుసార్లు, ఏడుసార్లు దూలం మీద రాసింది. కెమెరావాడు భేషన్నాడు. బండల పనిలో చివరగా నూనెగుడ్డతో తుడిస్తేనే మెరుపు. ఇరవై రెండేళ్ల ఆ బుద్ధి, నూనె అంటే తప్పు అని ఆ ఘడియకు తోచనివ్వలేదు. వాళ్లు పోగానే హడావిడిగా జిగురు పూసి మూసేశారు. మళ్లీ తుడవాలన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. అన్నీ చదివిన సందీప్‌కూ గుర్తు రాలేదు.

మార్త తొడుగులు విప్పి బకెట్ అంచు మీద వేసి, అద్దాల గదిలో కూర్చున్న సందీప్ దగ్గరికి పోయింది. అతను ల్యాప్‌టాప్ ముందు ఫోన్ చూసుకుంటున్నాడు.

"సార్, కుడి రెక్క లోపల వట్టిపోయింది. దూలం కాడ పట్టుకోలేదు."

"ఏం పట్టుకోలేదు?"

"పెంకు. రెండడుగులు. కొట్టి చూసిన. మీరు గూడ వచ్చి కొట్టి చూడుండ్రి."

"మార్తమ్మా, రేపు పొద్దున లారీ వస్తది. ఆదివారం ప్రేమ్‌సాగర్ సార్ ఎగరేస్తున్నడు. ఇయ్యాల నువ్వు రుద్దుడు పూర్తి జెయ్, గంతే చాలు."

"ఎగరేస్తడనే చెప్తున్న సార్." అంది మార్త. "తప్పు నాదే. ఆ వీడియో దినం నా చేతికి నూనె ఉండె. నూనె చెయ్యి పెట్టిన దూలం మీద."

సందీప్ ఫోన్ పక్కన పెట్టాడు. అతని ముఖంలో రంగు పోవడం మార్త స్పష్టంగా చూసింది. అంటే అతనికి అర్థమైంది. అతను లేచి రెక్క దగ్గరికి వస్తాడని ఎదురుచూసింది. అతను లేవలేదు.

"నూనె చేతులతోటి ముట్టుకున్నవా? ఎన్ని సార్లు చెప్పిన నేను?"

"గ్లౌజ్ తియ్యమని మీరే అన్నరు గద సార్."

సందీప్ బల్ల మీద పెన్ను తిప్పుతూ, చాలా మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఎడమ రెక్క ఎంత బరువు ఆగుతుందో యాభై బస్తాలు పెట్టి చూశాం, టిక్కుమనలేదు. రెండు రెక్కలూ ఒకే అచ్చు, ఒకే గుడ్డ, ఒకే రెజిన్. ఒకటి ఆగితే రెండోదీ ఆగినట్టే. కాగితాల మీద రెండూ పాసైనట్టు రాసేశాం. ఆదివారం పొద్దున సొమ్ము పెట్టేవాళ్లు రన్‌వే దగ్గరికి వస్తారు.

"కుడిదాని మీద గూడ యాభై బస్తాలు పెడ్తే తెలుస్తది గద సార్. మధ్యాహ్నం దాకా పని."

"విరిగితే?"

"విరిగితే ఈడనే విరుగుతది."

"రెండు నెల్ల పని, తెల్సా నీకు?" అప్పుడు అతని గొంతు లేచింది. "గంత మందిని రమ్మన్న. నీ చెవుల వడ్డ చప్పుడు వట్టుకొని అందర్ని ఆపమంటవా? గీ ముచ్చట ప్రేమ్‌సాగర్ సార్‌కు చెప్పకు. ఉత్తగ పరేషాన్ చెయ్యకు పెద్దమనిషిని."

వికారాబాద్ నుంచి రైల్లో వస్తున్న ఆ పెద్దమనిషిని తీసుకురావడానికి పన్నెండు గంటలకు సందీప్ కారులో స్టేషన్‌కు పోయాడు. పోతూ పోతూ "రుద్దుడు అయిపోవాలె" అని గేటు దగ్గర నుంచి ఒక కేక వేశాడు.

మార్త రెక్క ముందు నిలబడింది. ఆమెకు ఒళ్లు మండుతోంది. ఎవరి మీద మంటో వేరు చేసి చెప్పడం కష్టం. కొబ్బరినూనె రాసుకున్న తన చేతి మీద ఉంది. వీడియోవాడి మీద ఉంది. అన్నిటికంటే, అర్థమై కూడా కుర్చీలోంచి లేవని ఆ మనిషి మీద ఉంది. తెలివి లేక చేసిన తప్పుకు మన్నింపు ఉంటుందేమో. తెలిసి కూర్చున్నవాడికి ఏముంటుంది? ప్రేమ్‌సాగర్ సార్‌కు అరవై రెండేళ్లు. పైలట్‌గా రిటైరై వికారాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. రెండు సార్లు వచ్చాడు ఇక్కడికి. మొదటిసారి సీట్లో కూర్చుని చూసి, పొట్ట పట్టదమ్మా దీంట్లో అని తన మీద తానే జోకు వేసుకున్నాడు. రెండోసారి మార్త సద్ది విప్పుతుంటే పక్కన స్టూలు వేసుకుని, అడిగి మరీ జొన్నరొట్టె, పుంటికూర తిన్నాడు. ఆమె డబ్బాలోది ఆమె చేత్తోనే తీసి పెట్టించుకుని తిన్నాడు. ఈ చుట్టుపక్కల భూములున్న ఇళ్లలో అంత తేలికగా తినేవాళ్లు ఎంతమంది ఉంటారో ఆమెకు తెలుసు. ఆదివారం ఆ మనిషి ఈ రెక్క మీద భరోసా పెట్టుకుని పైకి పోతాడు.

పద్నాలుగేళ్ల కింద ఇదే షెడ్డులో, గోడవారగా ఉన్న మిషన్‌కు బెల్టు మీది జాలీ ఊడిపోయింది. మార్త చూసింది. ఒకరోజు కాదు, నాలుగు రోజులు చూసింది. అది తన మిషన్ కాదు. మేస్త్రీకి చెబితే, నీ పని నువ్వు చూసుకో అంటాడు. అయిదో రోజు ఆ మిషన్ మీద పనిచేసే శ్యామల కొంగు బెల్టులో పడింది. కొంగు లాక్కోబోయి కుడిచెయ్యి పెట్టింది. శ్యామల ఇప్పుడు తాండూరు బస్టాండులో ఎడమ చేత్తో పల్లీలు పొట్లాలు కడుతుంది. మార్త ఎదురుపడితే నవ్వి పలకరిస్తుంది, ఒక పొట్లం చేతిలో పెడుతుంది. ఆ నవ్వును మార్త భరించలేదు. బస్టాండుకు వెనక సందులోంచి పోతుంది.

జంగప్ప సద్ది తినడానికి కూర్చోబోతున్నాడు. ఇనప పనివాడు, అరవైకి దగ్గర పడ్డవాడు. కర్ణాటక సరిహద్దు పల్లెనుంచి రోజూ బస్సులో వస్తాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

"అన్నా, లే. కుడి రెక్కను బోర్లించాలె."

"సారు చెప్పిండా?"

"చెప్పలే. చెప్పడు గూడ. లోపల వట్టిపోయింది, నా తోటి అయింది. బస్తాలు పెడ్దాం."

జంగప్ప డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు. రెక్క దగ్గరికి వచ్చి, జేబులోంచి స్పానర్ తీసి, దాని పిడితో దూలం వెంబడి కొట్టాడు. శబ్దం చచ్చిపోయిన చోట ఆగి, మళ్లీ కొట్టి, మార్త ముఖంలోకి చూశాడు.

"నౌకరి పోతది మార్తా. ఇద్దరిది."

"పోనీ. నువ్వు బోల్టులు బిగిచ్చి పక్కకు జరుగు. బస్తాలు నేను పెడ్త. నా పేరు చెప్పు."

"నీ పేరు ఎందుకు చెప్త?" అన్నాడు జంగప్ప, కొంచెం కోపంగానే.

గాలిలో రెక్కను కిందినుంచి పైకి గాలి ఎత్తుతుంది. నేల మీద అది చూడాలంటే రెక్కను తలకిందులుగా బిగించి మీద బరువు పెట్టాలి. ఎడమ రెక్కకు అలాగే చేశారు. పాలిష్ షెడ్ల వెనక గుట్టలుగా పడి ఉండే బండ పొడిని సంచుల్లో నింపి, ఒక్కొక్కటి ఇరవై కిలోలుగా తూచి కుట్టినవి యాభై బస్తాలు. పెద్దయ్యను తినేసిన పొడి అదే. గోడ పక్కన వరసగా పేర్చి ఉన్నాయి.

జంగప్ప మొదలు వైపు పట్టుకుని, మార్త కొస పట్టుకుని రెక్కను ఎత్తారు. మనిషి బరువులో సగం ఉండదు. బోర్లించి, నేలకు దిగ్గొట్టిన ఇనప చట్రంలో మొదలును బిగించారు. ఎందుకైనా మంచిదని జంగప్ప కొస కింద రెండు పాత టైర్లు పడేశాడు. తర్వాత ఇద్దరూ మోయడం మొదలుపెట్టారు. మొదలు దగ్గర ఎక్కువ, కొస వైపు తక్కువ, సుద్దగీతలు గీసుకుని. ఒకటి, రెండు, మూడు. పక్కకు జరుగుతానన్న మాట జంగప్ప ఒప్పుకోనే లేదు.

పది బస్తాలకు రెక్క రెండంగుళాలు వంగింది. ఎడమదీ అంతే వంగింది. పద్నాలుగుకూ బాగానే ఉంది. మార్త వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. మోస్తూ మోస్తూ ఆమెకు ఒక విచిత్రమైన ఆశ పుట్టింది. ఆగుతుందేమో. తన చెవులు ముసలివైపోయాయేమో. సందీప్ చెప్పిందే నిజమై, యాభై బస్తాలూ మోసి, సాయంత్రం అందరూ తనను చూసి నవ్వుతారేమో. నవ్వనీ. హాయిగా నవ్వనీ.

పద్దెనిమిదో బస్తా పెట్టినప్పుడు లోపల టిక్కుమంది. ఇద్దరూ ఆగి విన్నారు. ఏమీ లేదు. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండోది మార్త మెల్లగా దించి చెయ్యి తీసింది. రెండు అడుగులు వెనక్కి వేసిందో లేదో, కొత్త పంచె చించినట్టు పొడుగాటి శబ్దం వచ్చింది. కింది వైపు పెంకు దూలాన్ని వదిలేసి ఉబ్బి, అంచు వెంబడి నోరు తెరిచింది. కొస టైర్ల మీద కూర్చుంది. బండ పొడి కొద్దిగా లేచి అణిగింది. షెడ్డు బయట రోడ్డు మీద ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

జంగప్ప చేతిలో ఉన్న బస్తాను నేల మీద పెట్టి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

మార్త ఏడ్చింది. విరిగినందుకు కాదు. ఆదివారం పొద్దున, ఆకాశంలో, ఆ శబ్దం ప్రేమ్‌సాగర్ సార్ ఒక్కడే వినేవాడు.

కారు వచ్చేసరికి ఒంటిగంటన్నర. ముందు సందీప్, వెనక మెడలో దారానికి కళ్లజోడు వేలాడేసుకుని ప్రేమ్‌సాగర్ లోపలికి వచ్చారు. సందీప్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత పరుగున వచ్చి రెక్క చుట్టూ తిరిగాడు. చేతులు గాలిలో లేచాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల మీద పెట్టుకున్నాడు.

"ఎవలు పెట్టమన్నరు? ఎవలు పెట్టమన్నరు గీ బస్తాలు? కావాల్నని చేసినవ్ గదనే. రెండు నెల్లు! నాశనం జేసినవ్."

'అమ్మ' పోయింది. 'నే' వచ్చింది. అదెంతసేపట్లో వచ్చిందో మార్త గమనించింది. ఆమెకు ఏడుపు ఆగిపోయింది.

"నాశనం చేసిన సార్," అంది. "జనవరిలనే చేసిన. ఇద్దరం కలిసి చేసినం. ఇయ్యాల బయటపడ్డది."

ప్రేమ్‌సాగర్ ఇద్దరి మధ్య నుంచి నడిచి రెక్క దగ్గరికి పోయాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. మోకాళ్లు నొప్పెట్టినా వంగి, నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ లైటు వేసి, ఊడిన పెంకును చేత్తో కిందికి వంచి లోపలికి చూశాడు.

"ఎన్ని బస్తాలకు?" అడిగాడు, కింద నుంచే.

"ఇరవై రెండు" అన్నాడు జంగప్ప.

"మొయ్యాల్సినవి?"

"యాభై."

ఆయన లేచి కూర్చున్నాడు. చొక్కా నిండా పొడి. లేవడానికి జంగప్ప చెయ్యి ఇచ్చాడు. "సందీప్, ఇటు రా. చూడు" అన్నాడు. దూలం మీద జిగురు పట్టిన చోటల్లా చిరిగి గరుకుగా ఉంది. మధ్యలో రెండడుగుల మేర మాత్రం అద్దంలా నున్నగా మెరుస్తోంది. ఆ మెరుపు చివర, సాగదీసిన గీతలు ఆగిపోయిన చోట, నాలుగు వేళ్లూ సగం అరచెయ్యీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి.

"ఎవరిది?"

"నాది సార్" అంది మార్త. నూనె సంగతి, వీడియో సంగతి, పొద్దున చెప్పిన సంగతి, చెప్పకు అన్న సంగతి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. ప్రేమ్‌సాగర్ వింటూ స్టూలు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. సందీప్‌ను ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని మార్తకు అనిపించింది. నాలుగు కేకలు వేస్తే తన మంట కొంతైనా చల్లారేది. పెద్దమనుషులకు పెద్దమనుషుల మీద కేకలు వేయడం ఎందుకు చేతకాదో ఆమెకు అర్థం కాలేదు.

సందీప్ బయటికి పోయి సొమ్ము పెట్టేవాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, అరగంట తర్వాత లోపలికి వచ్చాడు. ఇంకా మాట్లాడుతూనే వచ్చాడు. ఈసారి గొంతు కుదుటపడి ఉంది. ఇంకా చెప్పాలంటే హుషారుగా ఉంది.

"లేదన్నా, మంచిగనే అయింది. మన టెస్టింగ్‌లనే దొరికింది. అవును, రెండు రెక్కలు చూస్తం గద మనం, ఒక్కటి చూసి వదిలిపెట్టం. డిజైన్‌ల ఏం తప్పు లేదు. వర్కర్ మిస్టేక్ అన్నా. చదువురాని లేబర్, నూనె చేతులతోటి ముట్టుకున్నరు. ప్రూఫ్ ఉన్నది, చెయ్యి అచ్చు ఉన్నది, ఫోటో పంపిస్త. రెండు నెల్లల కొత్తది చేస్తం."

అతను ఫోన్ పెట్టేసి మార్త వైపు తిరిగాడు. ముఖంలో కోపం పోయింది. మళ్లీ 'అమ్మ' వచ్చింది.

"మార్తమ్మా, అయిందేదో అయింది. నిన్ను తీసేస్తలేను, ఫికర్ చెయ్యకు. జర ఇటు రా. ఆ అచ్చు పక్కన నీ చెయ్యి పెట్టు. రిపోర్టుకు ఒక ఫోటో కావాలె."

మార్త అతని చేతిలోని ఫోన్ వంక చూసింది. చొక్కా చేతులకు పట్టిన బండ పొడి దులుపుకుంది. ఆమెకు చాలా మాటలు వచ్చాయి. పెద్దయ్య ఊపిరితిత్తుల దగ్గర నుంచి శ్యామల చెయ్యి దాకా, ఇరవై ఏళ్లుగా మింగినవన్నీ గొంతు దాకా వచ్చాయి. ఇతనికి అవన్నీ చెప్పడం దండగ అనిపించింది.

"ఫోటో కోసమే గద సార్, ఆ దినం గూడ చెయ్యి పెట్టమన్నరు," అంది. "ఇగ పెట్టను."

ఆమె కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది. మగవాళ్ల చొక్కా విప్పి, మడిచి, ఇది కంపెనీది అన్నట్టు స్టాండ్ మీద పెట్టింది. చెప్పులు వేసుకుంది. ప్రేమ్‌సాగర్ స్టూలు మీద నుంచి లేచి "మార్తమ్మా" అన్నాడు.

"మీరు ఇంటికి పొండ్రి సార్. మూడింటికి రైలుంది."

సందీప్ "ఎటు పోతున్నవ్? రేపు రావా?" అంటున్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఎండలో రోడ్డు దాటి, పెద్దేముల్ వైపు పోయే ఆటోను చెయ్యి ఎత్తి ఆపింది. అందులో అప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు. ఒకామె పిల్లను ఒళ్లోకి తీసుకుని చోటిచ్చింది. ఆటో కదిలాక, డ్రైవర్ పక్క అద్దంలో షెడ్డు కొంచెం కొంచెంగా చిన్నదవడం కనిపించినా మార్త అటు చూడలేదు. ఆమె ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. రేపటి సంగతి రేపు, అనుకుంది. ఇంటికి పోయాక బిడ్డకు ఫోన్ చేసి అంతా చెప్పాలి. రేపు బస్టాండుకు ముందు దారినే పోవాలి. శ్యామలకు చెప్పాల్సింది కూడా ఒకటి ఉంది.

సాయంత్రం అయిదింటికి జంగప్ప షెడ్డు తలుపు వేశాడు. విరిగిన రెక్క మీది ఇరవై రెండు బస్తాలను ఎవరూ దించలేదు. ఇరవై మూడోది చట్రం పక్కన నేల మీద, ఎత్తేవాళ్లకు అందేలా కుట్టిన చెవులు పైకి నిలబెట్టి, పెట్టిన చోటే ఉంది.